కలానికి ఎర్ర కట్టు

"ఎరుపొద్దు అంటాండాను గదప్పా. నల్లది పెట్టు."

"నల్ల లక్క అయిపోయిందమ్మా. ఎర్రదే ఉండాది."

"నా కోడలు మొగుడు పోయిన మనిషి. దాని చేతికి ఎరుపిస్తావా?"

"కట్టు కలానికమ్మా, ఆ బిడ్డకు కాదు. ఇప్పుడు వెయ్యకుంటే కొయ్య రెండు చీలికలైతాది. ఇంక పొయ్యిలోకే."

అది కడప స్టేషను వసారా. పోట్లాడుతున్నది మా అత్త. ఎదురుగా కూర్చున్నతను కొయ్య కలాలు చేసి, వాటికి లక్క పట్టీలు వేసి అమ్ముకునే మనిషి. పేరు అడగలేదు, అడిగే పనీ లేదు. కలం మా ఆయనది. కర్మ అయ్యాక ఆయన పంచెలూ చెప్పులూ దానం పోగా మిగిలింది అదే. పాళీ దగ్గర పగిలింది. నేను మూట మీద కూర్చుని, ఎవరి ఇంటి రోలు గురించో మాట్లాడుతున్నట్టు విన్నాను. ఏడుపు కూడా రాలేదు.

అతను నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు తల్లీ. వేసేదా, వద్దా?"

మా ఆయన పోయినప్పటి నుంచి నన్నెవరూ ఏదీ అడగలేదు.

"వెయ్యప్పా" అన్నాను.

అతను లక్క కడ్డీని కుంపటి మీద మెత్తబరిచి, పగులు చుట్టూ తిప్పి, తాటాకు ముక్కతో రుద్దాడు. కట్టు ఎర్రగా మెరిసింది. అత్త ముఖం తిప్పుకుంది. రైలెక్కి ఇల్లు చేరేదాకా నాకు వీపు చూపే కూర్చుంది.

మరునాడు పొద్దున నేను లేచేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని, మసిలో ఆముదం కలిపి, ఆ ఎర్ర కట్టు మీద వేలితో పూస్తూ ఉంది. ఎరుపు కనపడకుండా పూసి, కలం నా చేతికిచ్చింది.