కుడి పెట్టెలోంచి వచ్చిన పిలుపు

మా వైపు ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు నవ్వేది నేనే. బెంగళూరు దగ్గరున్న చింతామణి ఊళ్ళో విత్తనాల అంగడి నడుపుతున్నాను. గింజ మొలిచిందా లేదా అన్నది కంటితో చూసి చెప్పే పని నాది. ఇప్పుడు రాస్తున్నది కూడా అలాగే, చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను.

నాకున్న ఒకే ఒక్క పిచ్చి పాటలు వినడం. పోయిన ఏడాది స్పీకర్లు కొందామని బెంగళూరు వెళ్ళాను. నల్లటి ప్లాస్టిక్ గొట్టాల్లాంటివి నాకు నచ్చవు. చూడ్డానికి పాతకాలం రేడియోలా ఉండాలి. చెక్క పెట్టె, ముందు బూడిదరంగు గుడ్డ, కింద నాలుగు కాళ్ళు. లోపలి సరుకు మాత్రం కొత్తది. ఈ మధ్య అలాంటివి చాలా వస్తున్నాయి.

అంగట్లో మూడు జతలు వినిపించారు. మొదటి దాంట్లో డప్పు తప్ప ఏమీ వినబడలేదు. రెండోది అద్దం మీద గీకినట్టు ఉంది. మూడోదాంట్లో పాడే మనిషి ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది. అందంలో రెండోదే బాగుంది. అయినా మూడోదే తెచ్చుకున్నాను. నాకు కావలసింది మనిషి గొంతు. అందులోనూ మా అమ్మ గొంతు.

అమ్మ పాడిన క్యాసెట్ ఒకటి నా దగ్గర ఉంది. మండికల్‌లో మేమున్న ఇంట్లో, నాకు పదిహేడేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం నేనే రికార్డు చేశాను. మా అమ్మమ్మ నేర్పిన ఉయ్యాల పాట. అమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ క్యాసెట్ ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. రెండో చరణంలో గాజులు ఎక్కడ కదులుతాయో, చివర్లో దూడ ఎప్పుడు అరుస్తుందో నాకు కంఠతా వచ్చు.

స్పీకర్లు వచ్చిన మొదటి ఆదివారం, పొద్దున పదిన్నరప్పుడు, పాత క్యాసెట్ ప్లేయర్ బాగు చేయించి తగిలించాను. నా భార్య శారద వంటింట్లో ఉంది. అమ్మ గొంతు హాలంతా నిండింది. మూడో చరణం మొదలైంది.

తలుపు తట్టిన శబ్దం వచ్చింది. మూడుసార్లు.

శారద చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవురో తలుపు తడ్తాండారు, వినపళ్ళేదా?" అంటూ వెళ్ళి వీధి తలుపు తీసింది. ఎవరూ లేరు. ఆమె ఇంకా గడప దగ్గరే ఉండగా ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"అక్కో... తలుపు తీ అక్కో."

శారద వెనక్కి తిరిగింది. గొంతు వీధిలోంచి రాలేదు. కుడివైపు స్పీకర్లోంచి వచ్చింది.

వెంటనే టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. ఎడమ పెట్టెకు చెవి ఆనిస్తే అమ్మ పాట మాత్రమే ఉంది. కుడి పెట్టె గుడ్డ మీద అరచేయి పెట్టాను. తట్టినప్పుడల్లా చేతి కింద అదిరింది. తర్వాత అదే పిలుపు. మూడోసారి తిప్పి పెడితే ఏమీ లేదు. పాట, గాజులు, దూడ. అంతే. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మళ్ళీ రాలేదు.

ఆ గొంతు ఎవరిదో నాకు మొదటిసారే తెలిసింది. "అక్కో" అని చివర సాగదీసి పిలిచేది మా చిన్నమ్మ ఒక్కతే. అమ్మకు చెల్లెలు. సోమేనహళ్ళిలో ఉండేది.

చిన్నమ్మ మా ఇంటికి రావడం మానేసి ముప్పై ఏళ్ళు దాటింది. ఆమె భర్త పోయినప్పుడు అమ్మ పరుగున వెళ్ళింది. చిన్నమ్మ ముఖం తిప్పుకుంది. ఏం తప్పు చేశానో చెప్పమని అమ్మ ఎన్నోసార్లు అడిగింది. జవాబు రాలేదు. నా పెళ్ళికీ రాలేదు. అమ్మ పోయినప్పుడు మాత్రం వచ్చి, దూరంగా నిలబడి చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఈ స్పీకర్లు కొనడానికి ఏడాది ముందు, ఆమె కూడా పోయింది.

శారద ఆమె గొంతు ఎప్పుడూ విని ఎరగదు. ఈ సంగతి ముఖ్యమని చెబుతున్నాను.

క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే స్నేహితుడు ఒకడు బెంగళూరులో ఉన్నాడు. అతనికి పంపాను. వారం తర్వాత ఫోన్ చేశాడు. టేపులో పాట తప్ప ఏమీ లేదన్నాడు. పైగా అది ఒకే మైకుతో చేసిన రికార్డింగు. రెండు పెట్టెల్లోనూ ఒకే శబ్దం రావాలి, ఒక్క పక్క నుంచి మాత్రమే రావడం కుదరదన్నాడు.

అప్పటి నుంచి నాకు ఒక విషయం గుర్తుకు రావడం మొదలైంది. నిజానికి మరచిపోయింది కాదు. తలచుకోకుండా పక్కన పెట్టింది.

రికార్డు చేసేటప్పుడు బయటి చప్పుళ్ళు పడకూడదని తలుపుకు గడియ పెట్టింది నేనే. లోపలి గదిలో అమ్మ పాడుతోంది. మధ్యలో ఎక్కడో చిన్న అలికిడి అయింది. అమ్మ పాడుతూనే కళ్ళెత్తి తలుపు వైపు చూసింది. నేను పెదవుల మీద వేలు పెట్టి, పాడమని చేత్తో సైగ చేశాను. అమ్మ పాడింది. పాట అయ్యాక, "ఎవురో వచ్చినట్లుండాది, చూడప్పా" అంది. గడియ తీసి చూస్తే వాకిట్లో ఎవరూ లేరు. పక్కింటి వాళ్ళు అనుకున్నాం. ఇద్దరం కూర్చుని పాట విని, నవ్వుకున్నాం.

చిన్నమ్మ కూతురు మంజుల కెంచార్లహళ్ళిలో ఉంటుంది. నేనున్న చోటికి బండి మీద అరగంట. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ నెలలోనే వెళ్ళాను. నన్ను చూసి ఆమె ఒక నిమిషం గుమ్మంలోనే ఉండిపోయింది. తర్వాత లోపలికి రమ్మంది.

నేను విన్నది చెప్పలేదు. ఒకే మాట అడిగాను. "చిన్నమ్మ ఎప్పుడైనా మండికల్‌కు వచ్చి, తలుపు వేసుంటే తిరిగి పోయిందామ్మా?"

మంజుల చేతిలో ఉన్న చెంబు కింద పెట్టింది.

"నీకెవురు చెప్పిరన్నా?" అంది. "మా నాయనకు ఉన్నట్టుండి బాగలేకుండా పోయె. చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి ముందుగానే తీసుకొని పోయిండ్రి. మా అమ్మకు ఒక్కతే పోయేకి భయం. పెద్దమ్మను తోడు పిల్చుకొని పోదామని దోవలో మీ ఊర్లో దిగింది. లోపల పెద్దమ్మ పాడతాండాదంట. తట్టినా, పిలిచినా తీయలేదంట. మళ్ళీ బస్సు ఎక్కి ఒక్కతే పోయింది. నాలుగో దినం మా నాయన పోయె."

పాట రికార్డు చేసిన రోజూ, చిన్నాన్న పోయిన రోజూ అంత దగ్గరవని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ తర్వాతి ఆదివారం మంజులను మా ఇంటికి తీసుకొచ్చాను. శారద ఆమెను స్పీకర్ల ఎదురుగా కూర్చోబెట్టింది. స్పీకర్లోంచి మేం విన్నదంతా మంజులకు చెప్పాను. పాట పెట్టాను. మూడో చరణం దగ్గర ముగ్గురం కుడివైపు చూశాం. ఏమీ రాలేదు. అమ్మ చివరిదాకా పాడింది.

మంజుల నా వైపు తిరిగింది.

"పిలిచినాక కూడా పాట ఆగలేదంటన్నా," అంది. "మా అమ్మ ఆ మాట చెప్పుకొనే ఏడ్చేది."

అప్పుడు చెప్పాను. గడియ పెట్టింది నేనని, అమ్మ తలుపు వైపు చూస్తే పాడమని సైగ చేసింది నేనని. అంతవరకూ శారదతో కూడా అనలేదు.

మంజుల కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "అయితే పెద్దమ్మకు తెల్దు," అంది.

"తెల్దమ్మా. పోయేదాకా తెల్దు."

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. "మా అమ్మకూ తెల్దు," అంది.

శారద ముగ్గురికీ కాఫీ తెచ్చింది. చల్లారిపోయేదాకా ఎవరూ ముట్టుకోలేదు.

తర్వాత చాలామందిని అడిగాను. తీగల్లో ఏదో ఫోను సంకేతం దూరి ఉంటుందని ఒకరన్నారు. నా మనసులో ఉన్నదే నాకు వినిపించిందని ఇంకొకరు. నాకు అలా వినిపించి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. శారద లేచి వెళ్ళి తలుపు ఎందుకు తీసిందో మాత్రం వాళ్ళెవరూ చెప్పలేదు. వేరే తీగలు వేసి చూశాను, పెట్టెలు అటూ ఇటూ మార్చి చూశాను, అదే వేళకు, అంతే గట్టిగా పెట్టి చూశాను. పాట తప్ప ఏమీ లేదు.

చిన్నమ్మ చివరి ఏడాదిన్నర కెంచార్లహళ్ళిలో కూతురి దగ్గరే ఉందని మంజుల వెళ్ళేటప్పుడు చెప్పింది. మాటా నడకా అన్నీ బాగానే ఉండేవట. సాయంత్రాలు బయట అరుగు మీద కూర్చునేదట. నేను ఆ దారిన రైతుల దగ్గరికి ఎన్నోసార్లు వెళ్ళాను.

ఆ పిలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చేదేదో, ఆమె బతికుండగా, నేను వెళ్ళి నిజం చెప్పగలిగిన ఆ ఏడాదిన్నరలో ఎందుకు రాలేదో అంతకన్నా తెలియదు.