కన్ను విచ్చని కాయలు

బియ్యం డబ్బాలో సీతాఫలాలు పెట్టి నాలుగు రోజులైంది. మూత తీస్తే పండు వాసన లేదు. కాయలు నల్లబడి రాళ్లలా ఉన్నాయి. మంచం పట్టిన మా చెల్లె పొద్దున్నే అడుగుతుంది, "అన్నా, గుట్ట పండు మాగిందా?" అని.

ఆ గుట్ట ఇప్పుడు ద్వీపం. రిజర్వాయరు నీళ్లు చుట్టూ నిలిచాక, మేకలను తోలుకుని ఎక్కిన చోటికి టికెట్టు కొని పడవలో పోవాలి.

బతుకమ్మ దినాలు దగ్గరపడితే, మంచు తడి ఆరకముందే అవ్వ మమ్మల్నిద్దరినీ వెంటేసుకుని గుట్ట ఎక్కేది. తంగేడు పూలు చెల్లె ఒడిలో, సీతాఫలాలు అవ్వ గంపలో. బండల మీద నెమళ్లు అరిచేవి, కౌజు పిట్టలు కాళ్ల కిందినుంచి బుర్రున లేచేవి. కాయ మీది గళ్ల నడుమ గీతలు తెల్లబడి విచ్చుకుంటేనే తెంపాలి. దాన్నే కన్ను విచ్చడం అనేవాళ్లం. కొనకొమ్మల కాయలు పిట్టలవి. ఒకసారి ఆత్రపడి పచ్చికాయ తెంపితే అవ్వ మండిపడింది.

"కండ్లు తెరువని పిల్లను తల్లి కాడికెళ్లి గుంజుకొస్తార్రా? గిది మాగేదాక నీకు ఇంకో పండు లేదు పో!"

అది మాగనే లేదు. ఆ ఏడంతా చెల్లె తన పండులో సగం దాచి నాకు పెట్టింది.

అందుకే ఆమె గుట్ట పండు అడగ్గానే పోయిన వారం పడవెక్కాను. దిగీదిగగానే సిమెంటు నెమలి, దాని పక్కన ఫొటోలకు వరుస. లౌడుస్పీకరు మోతకు నిజం నెమలి ఎటు పోయిందో అడిగేవాడు లేడు. వివరాలు చెప్పే అమ్మాయి మైకులో అంటుంది, "ఇదివరకు గీడ ఎవ్వరు లేకుండె, ఉత్త అడివే" అని.

"మరి గీడ మేకలు కాసిన నేనేడికెళ్లి వచ్చిన బిడ్డా?" అన్నాను.

"నాకు రాసిచ్చింది చెప్తున్న తాతా!"

'పక్షుల స్వర్గం. కాయలు తెంపరాదు' అని బోర్డు. చెట్లు చూస్తే కొనకొమ్మతో సహా బోడివి. ఆ కాయలన్నీ పడవ రేవు దగ్గర బుట్టల్లో, 'ద్వీపం సీతాఫలాలు' అన్న అట్ట కింద ఉన్నాయి. మనకు తెంపొద్దని చెప్పి పిట్టల వాటా కూడా ఊడ్చుకుపోయే ఈ సిగ్గులేని పనికి ప్రకృతి ప్రేమ అని పేరు! ఒక్కదానికీ కన్ను విచ్చలేదు. తెలిసి తెలిసీ మూడు కొన్నాను, ఇంకేం తేను?

ఇవాళ ఒకటి తీసి చెల్లె చేతిలో పెట్టాను. బొటనవేలితో ఒత్తి చూసి నవ్వింది.

"అవ్వ లేదని గింత ధైర్యమా అన్నా!"

నాకు నవ్వు రాలేదు. ఆమె ఆ కాయను దిండు పక్కన పెట్టుకుంది.

"గిది మాగేదాక నాకూ ఇంకో పండు వద్దు."