బొట్టు పెట్టిన పోస్టర్

ఆ పెత్రమాస పొద్దున మా హాల్లో ఉన్నవి: డ్రిల్లింగ్ మిషన్, స్పిరిట్ లెవెల్, ఫ్రేము కట్టించిన మూడు పోస్టర్లు. ఉన్నవాళ్లు: నేను, కడుపుతో ఉన్న నా భార్య స్రవంతి, ఎల్లారెడ్డి నుంచి వచ్చిన వాళ్ల అవ్వ. దయ్యమో గాలో ఉందని నేను ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడు కూడా ఆ మాట అనడం లేదు. నేను భూములు సర్వే చేస్తాను. కొలిస్తే ఏది వస్తే అదే రాసుకుంటాను.

స్రవంతి కామారెడ్డిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతుంది. పాతకాలపు మనుషుల చిత్రాలంటే ఆమెకు ప్రాణం. గుర్రమెక్కిన రాణి ఒకటి, గులాబీ వాసన చూసే నవాబు ఒకటి. మూడోది తలపాగా చుట్టిన పడుచు సర్దార్. కింద పేరు లేదు, ఎవరో ఆమెకూ తెలియదు. అయినా హాల్లో మంచి చోటు ఆయనకే దక్కింది.

"మీసమంటే గిట్లుండాలె," అంది, నేను స్క్రూ బిగిస్తుంటే.

"నాకేం తక్కువ?"

"తక్కువని ఎవలన్నరు? ఇంకా మొలుస్తలేదంటున్న, అంతే."

అవ్వకు చూపు సరిగా ఆనదు. పెత్రమాస నాడు పోయిన పెద్దల ఫొటోకు బొట్టు పెట్టి, దాని ముందు వండినవన్నీ వడ్డిస్తారు. మా బాపు నేను పాలిటెక్నిక్ చదువుతున్నప్పుడే పోయాడు. ఆయన ఫొటో చిన్నది, లోపలి గదిలో ఉంది. నేను స్నానం చేసి వచ్చేసరికి అవ్వ సర్దార్‌కు బొట్టు పెట్టి, ఆకులో గారెలు, పాశం వడ్డించి దండం పెడుతోంది.

"అవ్వా, ఆయన మా బాపు కాడు!"

"మరెవలు బిడ్డా?"

"ఎవలో ఎవలకెరుక? పోస్టర్ అది!"

అవ్వ ఆకులో ఇంకో గారె వేసింది. "బువ్వ పెట్టినంక ఇంటోడే అయితడు. బొట్టు తుడువకుండ్రి."

స్రవంతి పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా బాపు తినాల్సిన ముద్ద ఎవడో తిన్నాడు.

ఆ తర్వాత స్రవంతి రోజూ నా చాయ్ కన్నా ముందు సర్దార్ అద్దం తుడిచేది. స్కూల్ ముచ్చట్లు ఆయన ముందు నిలబడి చెప్పేది. కాగితంతో నాకు పోటీ ఏమిటని నచ్చజెప్పుకునేవాణ్ణి. మనసు వినేది కాదు.

బాబు పుట్టాడు. పుట్టింట్లో బాలింత రోజులు గడిచాక స్రవంతి వాణ్ణి తీసుకుని కామారెడ్డికి వచ్చింది. నేను ఎత్తుకుంటే చాలు, గుక్కపట్టి ఏడ్చేవాడు. సర్దార్ ముందుకు తీసుకుపోతే టక్కున ఆపేవాడు. డాక్టర్ చూసి ఏ లోపమూ లేదన్నాడు. పిల్లలు ఊరుకోకపోతే పోయిన పెద్దల పేరుతో పిలవమంటారు. అవ్వ ఫోన్లో చెబితే మా బాపు పేరుతో పిలిచాను. ఇంకా గట్టిగా ఏడ్చాడు.

నా కొడుకు ఒక్కసారి నా భుజం మీద నిమ్మళంగా పడుకోవాలి. నేను కోరింది అంతే. అది కూడా ఆ తలపాగావాడికే దొరికింది.

ఒక ఆదివారం ఫ్రేమును దుప్పట్లో చుట్టి ఎల్లారెడ్డి తీసుకుపోయి, అవ్వ ఇంట్లో గోడకు బిగించి వచ్చాను.

"కాయిదాన్ని జూసి కుళ్లుకునే మొగన్ని నిన్నే జూస్తున్న," అంది స్రవంతి.

"కుళ్లుకుంటున్న. అయితే ఏంది?" అన్నాను.

ఆ సాయంత్రం నుంచి బాబు ఏడవలేదు. నా భుజం మీద పడుకున్నాడు. గెలిచాననుకున్నాను.

కానీ వాడు నా ముఖం చూసేవాడు కాదు. ఎటు తిప్పి పడుకోబెట్టినా తల ఒకే దిక్కుకు తిప్పేవాడు. మంచం తిప్పాను, కిటికీలు మూశాను, లైట్లు ఆర్పాను. మెడలో ఏమైనా ఉందేమోనని మళ్లీ డాక్టర్‌కు చూపించాం. ఏమీ లేదు. చివరికి కంపాస్ పెట్టి చూశాను. ఉత్తరం నుంచి 247 డిగ్రీలు. మ్యాప్‌లో ఆ కోణానికి గీత గీస్తే ఎల్లారెడ్డి మీదుగా పోయింది.

ఒక్క చోట తీసిన కొలతను మా పనిలో నమ్మరు. ఆ పక్క ఏదో చప్పుడు వాడికి అలవాటైందేమో అనుకున్నాను. అలవాటే అయితే వేరే ఊళ్లో కూడా అదే కోణం రావాలి. ఆ ఫ్రేము వైపే అయితే కోణం మారాలి. స్రవంతికి అసలు కారణం చెప్పకుండా, అందరం సదాశివనగర్‌లో మా అక్క ఇంటికి పోయాం. అక్కడి నుంచి అవ్వ ఇంటికి కోణం ఎంతో ముందే లెక్క వేసి పెట్టుకున్నాను.

చాప మీద పడుకోబెట్టాం. అక్క చప్పట్లు కొట్టింది. నేను గిలక్కాయ ఊపాను, పేరు పెట్టి పిలిచాను. వాడు మెల్లగా తల తిప్పి, గోడ వైపు చూసి నవ్వాడు. నా కోసం వాడు ఎన్నడూ అలా నవ్వలేదు.

"తమ్మీ, నీ కొడుకు నీ దిక్కే చూస్తలేడేందిరా?" అంది అక్క.

ఎందుకో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. పక్కన కూర్చుని కంపాస్ తీశాను.

లెక్క ప్రకారం అవ్వ ఇల్లు: 226 డిగ్రీలు.

వాడి చూపు: 226.