పదకొండు ఓట్లు

ఆఫీసులో నెట్ ఆగితే పద్దెనిమిదేళ్లుగా అందరూ కేకేసేది రీస్టార్టు బాబాయినే. ఆయన వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, జ్వరం చూసినట్టు కంప్యూటర్ మీద అరచెయ్యి ఆనించి, "ఏం నొక్కావు? నిజం చెప్పు" అని గద్దించేవాడు. తెలియని లింకు నొక్కడమంటే ఆయన దృష్టిలో దారిన పోయేవాడి చేతికి ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే. ఆర్నెల్ల కిందట సాయానికని కొత్తమ్మాయి వచ్చింది. కుర్చీలోంచి లేవదు, ఎవరినీ గద్దించదు. తన సీటు నుంచే పై అంతస్తు కంప్యూటర్లను కూడా బాగుచేసేస్తుంది. "ఆ పిల్లకి ఎంత ఓపికో!" అని ఎవరన్నా అంటే చాలు, బాబాయికి ఒళ్లంతా కారం రాసుకున్నట్టుండేది. "చెయ్యి పెట్టి చూడకుండా వైద్యమేమిటి, నా మొహం!" అని గొణిగేవాడు.

సోమవారం అందరికీ ఒక మెయిల్ వచ్చింది: "ఈ ఏటి ఉత్తమ సాంకేతిక నిపుణులెవరు? కింది లింకులో ఓటు వేయండి." మధ్యాహ్నానికి కొత్తమ్మాయి ఆయన బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "బాబాయ్, అది నేను పంపిన దొంగ మెయిలు. ఎవరు మోసపోతారో చూద్దామని. మీరు చెప్పిన పాఠం అందరికీ బాగానే ఎక్కింది, ఎవరూ నొక్కలేదు. మీరు మాత్రం పదకొండుసార్లు నొక్కారు, అన్నీ మీ పేరుకే. పైవాళ్లకిచ్చే రిపోర్టులో మీ పేరు రాయన్లెండి." బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. సొరుగు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఆమె వెళ్లబోతుంటే ఇక ఆగలేకపోయాడు.

"అమ్మాయ్, ఇంతకీ నీకెన్నొచ్చాయి?"