సరోజ తర్వాతి వంతు

తొమ్మిదేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ప్రార్థనలో దేవుడికి కూడా చుట్టూ తిప్పి చెప్పానే తప్ప తిన్నగా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది చేవెళ్ల దగ్గర చిన్న క్రైస్తవ సంఘం. ఆడవాళ్ల వైపు చాప మీద నేను, సరోజ పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఇద్దరికీ ఒకటే పాటల పుస్తకం. భర్త చనిపోయాక తను షాబాద్ నుంచి పుట్టింటికి వచ్చేసింది. ఒకరోజు మొయినాబాద్ బస్సు కోసం నిలబడ్డప్పుడు మెల్లగా చెప్పింది. భర్త నుంచి తనకు హెచ్ఐవి వచ్చిందట. కొడుకును మింగింది నువ్వేనని అత్తింటివాళ్లు వెళ్లగొట్టారట.

"నా కోసం ప్రార్థన చెయ్యి అక్కా. గానీ ఎవ్వలకు చెప్పకు" అన్నది.

"నేనెందుకు చెప్త?" అన్నాను.

చెప్పాను. ఆ శుక్రవారం స్త్రీల కూడికలో ప్రార్థన అంశాలు అడిగితే లేచి నిలబడి, "షాబాద్ నుంచి వచ్చిన ఒక సహోదరికి హెచ్ఐవి ఉన్నది, ప్రార్థన చేయండి" అన్నాను. పేరు చెప్పలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. షాబాద్ నుంచి వచ్చినవాళ్లు మాలో ఇంకెవరున్నారు? నిజంగా ప్రార్థన కోసమే చెప్పానా, లేక అందరికంటే ముందు నాకే తెలిసిందన్న గొప్ప కోసమా? గొప్ప కోసమే.

ఆ ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె విరిచాక ద్రాక్షరసం తాగడానికి మాకు అందరికీ ఒకటే గిన్నె, చేతులు మారుతూ వస్తుంది. ఎప్పుడూ సరోజ తాగాక నా వంతు. ఎంగిలితో ఆ జబ్బు అంటదని దవాఖాన గోడ మీద చదివినదాన్నే. అయినా లేచి ముందు వరసలోకి వెళ్లి కూర్చున్నాను. నన్ను చూసి మిగతావాళ్లూ జరిగారు. ఆఖరున సరోజ ఒక్కతే మిగిలింది. గిన్నె అందుకుని, తాగకుండానే తిరిగి ఇచ్చేసింది. ఒకసారి నా వైపు చూసింది.

మళ్లీ రాలేదు. గండిపేటలో ఎవరింట్లోనో వంట చేస్తోందని విన్నాను. వెళ్లలేదు. వెళ్లి ఏ ముఖంతో నిలబడను?

మా సంఘంలో దీన్ని ఎవరూ తప్పనలేదు. ప్రార్థన అంశమే కదా అన్నారు. ఆ మాట చాటునే ఇన్నాళ్లూ దాక్కున్నాను. ఇప్పుడు ఎవరి కప్పు వాళ్లకే, చిన్న ప్లాస్టిక్ కప్పులు. పాటల పుస్తకం మాత్రం ఇప్పటికీ సగం పక్కకు జరిపే పట్టుకుంటాను. సరోజ కావాలి నాకు. క్షమాపణ కూడా కాదు, తను తాగి అందించిన గిన్నె మరొక్కసారి నా చేతికి రావాలి. రాదు. నేనే పోగొట్టుకున్నాను. ఈ మాట ఇన్నాళ్లకు అనగలిగాను.