వరండాలో ఎమ్మే

పెదవులు కదపకుండా చదవడం నాకు రాదు. నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు నావి. నాగాయలంక దగ్గర మా ఊళ్ళో పొదుపు సంఘం ఆడవాళ్ళందరం, ఇక వేలిముద్ర వెయ్యకూడదనుకుని సాయంత్రం బడికి వెళ్ళాం. అక్కడ అందరం ఒకేసారి గొంతెత్తి చదివేవాళ్ళం. ఎవరి మాట ఎవరికీ వినపడేది కాదు కాబట్టి తప్పు చదివినా సిగ్గుండేది కాదు. అలా నాకు అక్షరం నోటి గుండా లోపలికి పోయింది. రాసేటప్పుడూ అదే దారిన బయటికి రావాలి. నోరు కదిలితేనే నా చెయ్యి కదులుతుంది.

పదో తరగతి, ఇంటర్, డిగ్రీ ఇంట్లో ఉండే కట్టాను. మూతి బిగించి, చిన్న చిన్న జవాబులు రాసి, అత్తెసరు మార్కులతో ఎలాగో నెట్టుకొచ్చాను. ఎమ్మేలోకి నన్ను దింపింది మా కోడలు. దూరవిద్యలో చేరుతూ, ఆదివారం క్లాసులకి ఒక్కదాన్నే బందరు వెళ్ళాలంటే విసుగని, మీరూ కట్టండి అత్తయ్యా, తోడుంటారు అంది. ఏ సబ్జెక్టని అడిగితే చరిత్ర అంది. నాకూ నచ్చింది. తెలుగు తీసుకుంటే ఛందస్సు, ఎకనామిక్స్ తీసుకుంటే లెక్కలు. చరిత్రంటే ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు, ఎవరికి ఎవరితో పడలేదు. ఆ విద్య నాకు పుట్టుకతోనే ఉంది.

బస్సులో ఇద్దరం ఒకే పుస్తకాన్ని చెరో పక్కా పట్టుకునేవాళ్ళం. నేను పైకి చదువుతుంటే ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగేవారు. చల్లపల్లిలో దిగాల్సిన ఒకావిడ కాకతీయుల కోట ముట్టడి తేలేదాకా దిగనని కండక్టరుతో పేచీ పెట్టుకుంది. ఇంట్లో మా ఆయన టీవీ సౌండు పెంచుకునేవారు. యూరపు వర్తకుల పేపరు చదివే రోజుల్లో డచ్చివాళ్ళ పాఠం నాకు ఎంతకీ తెమల్లేదు. బందరు రేవులో దిగినవాళ్ళు దిగినట్టే ఉన్నారు. చివరికి పక్కింటి వదిన గోడ మీదుగా తల పెట్టి అడిగింది.

“ఏం వదినా, ఆ డచ్చివాళ్ళు ఇంకా ఎళ్ళలేదా?”

“ఇంగ్లీషువాళ్ళు రావాలి కదా వదినా,” అన్నాను.

“బేగి రమ్మను. మా మనవరాలు నిద్దట్లో కూడా డచ్చి డచ్చి అంటంది.”

ఆ పేపరే నా కొంప ముంచింది. మొదటి ఏడాది పరీక్షల్లో రెండు జవాబులు హాయిగా గొణుక్కుంటూ రాశానో లేదో, హాల్లో తిరుగుతున్న సారు వచ్చి పెదవులు కదిలితే బయటికి పంపిస్తానన్నారు. మూతి బిగించాను. డిగ్రీలోలా చిన్న జవాబులు కావివి, చెయ్యి ఆగిపోయింది. గంట కొట్టేదాకా తెల్లకాగితం వంక చూస్తూ కూర్చున్నాను. ఆ పేపరు తప్పాను. తర్వాత బందరులో క్లాసు అయి రోడ్డెక్కుతుంటే, పరీక్షలో నా ముందు బల్ల మీద కూర్చున్న కుర్రాడు స్వీటు పొట్లంతో వచ్చాడు. “మీ వల్లే గట్టెక్కానాంటీ. ఆ రెండూ మీరు ఎంత వివరంగా చెప్పారండీ,” అన్నాడు. నేను చెప్పిన జవాబులతో అతను పాసైతే, నేను ఫెయిలు. కోడలు రోడ్డు మీదే కూర్చుని నవ్వింది. నేనూ నవ్వాను, స్వీటు కూడా తిన్నాను. కానీ మిగతావన్నీ ఎలాగో అత్తెసరుగా పాసై, ఆ ఒక్కటీ రెండో ఏడాది దాకా మిగిలిపోయింది. అప్పుడు కూడా తప్పితే గడువు దాటిపోతుంది. ఎమ్మే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. కోడలు తన పట్టా కూడా తెచ్చుకోనని భీష్మించుకుంది. తెస్తే ఇద్దరివీ తెస్తుందట.

ఇక నాకు మూగ చదువు నేర్పడం మొదలుపెట్టింది. నోట్లో నీళ్ళు పోసుకుని రాయమంది. రెండో వాక్యంలో దాని మొహం చూసి నవ్వొచ్చి, పుస్తకమంతా తడిపేశాను. లవంగం నోట్లో పెట్టుకోమంది. లవంగంతోనూ గొణిగాను. ఆఖరికి బీరువాలోంచి మాస్కు తీసింది. కరోనా రోజులది. కట్టుకుని అద్దంలో చూసుకుంటే నిజంగానే పెదవులు కనిపించలేదు. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్ళూ తట్టనందుకు ఇద్దరం తెగ ఆశ్చర్యపోయాం.

ఆ ఏడాది సెంటరు గుడివాడ పడింది. తనకి ఆ రోజు పరీక్ష లేకపోయినా కోడలు వచ్చి కాలేజీ గోడ అవతల కూర్చుంది. నేను మాస్కు కట్టుకుని, దొంగతనానికి వెళ్ళేదానిలా లోపలికి వెళ్ళాను. ప్రశ్నలన్నీ తెలిసినవే. మొదటి జవాబు జోరుగా సాగుతుండగా, “ఎవరిక్కడ తుమ్మెదలా రొద చేసేది?” అని వినపడింది. ఇన్విజిలేటర్ మేడమ్ నా బల్ల దగ్గరే నిలబడి ఉన్నారు. మాస్కు పెదవులని దాస్తుంది కానీ గొంతుని దాచదని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

మాస్కు తీసి ఉన్నమాట చెప్పేశాను. పెద్దయ్యాక చదువు నేర్చానని, నోరు ఆగితే చెయ్యి ఆగుతుందని, ఎవరికీ జవాబులు అందించడం లేదని. మేడమ్ ముందు బల్ల మీద అబ్బాయి పేపరు చూశారు. అతను రాసేది రాజనీతి శాస్త్రం. నా మాట విని రాస్తే డచ్చివాళ్ళు పార్లమెంటుకి పోటీ చేసి ఉండేవారు.

“లేవండి,” అన్నారు మేడమ్.

అయిపోయిందనుకున్నాను. పెన్నుకి మూత పెట్టి లేచాను. ఆవిడ నా జవాబు పత్రం తీసుకుని గుమ్మం దాటి, వరండాలో మంచినీళ్ళ కుండ పక్కనున్న బల్ల మీద పెట్టారు. తన కుర్చీ గుమ్మంలోకి లాక్కుని, అటు హాలూ ఇటు నేనూ కనపడేలా కూర్చున్నారు.

“ఇక్కడ రాసుకోండమ్మా. మీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకోండి. కాకులకి పరీక్ష లేదు.”

ఆ తర్వాత నాకు పట్టపగ్గాలు లేవు. డచ్చివాళ్ళని బందరు రేవులో దింపాను. పెడన వైపు అద్దకం బట్టలు మూటలు కట్టించి ఓడలెక్కించాను. ఇంగ్లీషువాళ్ళని తెచ్చి పక్కనే నిలబెట్టి ఇద్దరికీ తగాదా పెట్టాను. చెయ్యి నోటి వెనకాల పరుగెత్తింది. నీళ్ళకొచ్చిన అటెండరు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోతే మేడమ్ పంపించేశారు. గోడ అవతల నవ్వు ఆపుకోలేని దగ్గు ఒకటి వినపడింది. నేను ఎన్నో ప్రశ్నలో ఉన్నానో మా కోడలికి తెలిసిపోతూనే ఉంది.

ఉన్నట్టుండి కాగితాలు అయిపోయాయి. నా జన్మలో ఎప్పుడూ అలా జరగలేదు. ఎంత గర్వమేసిందంటే, బడిపిల్లలా చెయ్యెత్తాను.

“మేడమ్, అడిషనలండీ.”

ఆవిడ కాగితంతో పాటు కట్టుకోవడానికి దారం కూడా ఇచ్చారు. ఆ దారం ముడి రెండుసార్లు వేశాను, ఒకటి చాలని తెలిసీ.

ఫలితాలు వచ్చిన రోజు కోడలు ఫోను నా చేతికిచ్చి, మీరే చదవండత్తయ్యా అంది. నాకు వచ్చిన పద్ధతిలోనే చదివాను, పేపరు పేరుతో సహా, పాస్ అన్న మాట దాకా. చదవడం పూర్తయ్యేసరికి గోడ మీద వదిన తల ఉంది.

“అయితే ఎళ్ళిపోయారన్నమాట,” అంది.

“ఎళ్ళిపోయారొదినా,” అన్నాను.