నలభై నిమిషాల మజిలీ

కిర్గిజ్ రాజధాని ఫ్రూంజే విమానాశ్రయం మరమ్మతు షెడ్డులో తౌజాన్ వేసిన ముడి ఊడిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ రోజుల్లో తిరిగే లీ-2 విమానాలకు ఒళ్లంతా అల్యూమినియమే అయినా, తోక చుక్కానికీ, రెక్కల అంచున పైకీ కిందికీ కదిలే పలకలకూ మాత్రం బట్టే తొడుగు. ఏడాదికో రెండేళ్లకో ఆ బట్ట ఎండకు పెళుసెక్కేది. అప్పుడు దాన్ని చించేసి, కొత్త నూలు గుడ్డను చట్రం మీద బిగించి, మైనం పూసిన దారంతో, జానెడు సూదితో లోపలి బద్దలకు కుట్టాలి. నాలుగు వేళ్లకో ముడి. ఆ పైన ఘాటైన వార్నిష్ పూస్తే, ఆరేకొద్దీ బట్ట బిగుసుకుని, వేలితో కొడితే డప్పులా మోగాలి. ఆ వాసన తలకెక్కుతుందని కుట్టేవాళ్లకు రోజూ అరలీటరు పాలు ఇచ్చేవారు. తౌజాన్ అవి తాగకుండా ఇంటికి పట్టుకుపోయేది. ఇంట్లో తల్లి గోషయాఖ్ ఉంది.

తల్లీకూతుళ్లది కాకసస్ కొండల్లోని బక్సాన్ లోయ. బల్కార్లు. వెయ్యిన్నొక్క మాటలెందుకు, యుద్ధం నడుస్తుండగా ఒక మార్చి తెల్లవారుజామున మాస్కో హుకుంతో సైనికులు వచ్చి, జాతి మొత్తాన్నీ ద్రోహులని ముద్రవేసి, అరగంటలో సర్దుకోమని చెప్పి, పశువుల పెట్టెల్లో ఎక్కించి కిర్గిజ్ నేలమీద దింపేశారు. అప్పటికి తౌజాన్‌కు పదిహేడేళ్లు. ఆమె అన్న అదే సైన్యంలో ముందువరసలో పోరాడుతూ చనిపోయాడన్న కబురు, వాళ్లు ఇక్కడికి చేరిన ఆరు నెలలకు వెతుక్కుంటూ వచ్చింది. నెలకోసారి ఆఫీసుకెళ్లి సంతకం పెట్టాలి. పట్నం పొలిమేర దాటాలంటే కాగితం కావాలి. కాగితం లేకుండా దాటితే ఇరవయ్యేళ్ల కఠిన శిక్ష.

1948లో షెడ్డులో చేరిన రోజు పెద్ద కుట్టుపనిగత్తె గ్లాఫిరా యెగొరోవ్నా ఆమెను ఎగాదిగా చూసింది. గ్లాఫిరా మొగుణ్ణి యుద్ధంలో పోగొట్టుకున్న, సరాతోవ్ ఊరి రష్యన్ మనిషి. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే.

"ఏం పేరే నీది?"

"తౌజాన్."

"అబ్బో, నా వల్ల కాదు. తాన్యా అంటాను, పలుకుతావా?"

"మీరు పిలవండి. పలకడం, మానడం నా ఇష్టం కదా."

గ్లాఫిరా పడీపడీ నవ్వింది. "మొహం చూస్తే సోమవారం పొద్దులా ఉంది గానీ, నోట్లో నాలుకుందే దీనికి!" అని సూది చేతికిచ్చింది. ఆ రోజు నుంచి ఆమె తాన్యా అనే పిలిచింది, తౌజాన్ పలుకుతూనే ఉంది.

తను కుట్టిన ప్రతి విమానం నంబరూ తౌజాన్‌కు నోటికొచ్చు. అది తాష్కెంట్ వెళ్లిందా, మాస్కో వెళ్లిందా, ఎన్నాళ్లకు తిరిగొచ్చింది, అన్నీ అడిగి తెలుసుకునేది. తన ముడులు తిరిగే దేశంలో తనకు పొలిమేర దాటే వీలు లేదు. ఆ సంగతి ఎవరితోనూ అనేది కాదు. విమానం నేల విడిచిన చప్పుడు వినగానే సూది ఆగిపోయేది, అంతే.

అది కనిపెట్టినవాడు కదిరాలి. విమానంలోనే ప్రయాణిస్తూ ఇంజన్లను కనిపెట్టుకుని ఉండే మెకానిక్. కిర్గిజ్ మనిషి, పొట్టిగా, గట్టిగా, చెవులు కాస్త బయటికొచ్చి ఉంటాడు. ముసలి తండ్రికి ఒక్కడే కొడుకు. 1953 వేసవిలో ఒకరోజు చుక్కాని చూసుకోవడానికొచ్చి, "ఈసారి సోచీ బండి నాకు పడింది. సముద్రానికి స్నానాలకెళ్లే వాళ్లతో నిండిపోతుంది. దారిలో మినరాల్నీయె వోదీలో దిగుతుంది," అన్నాడు.

తౌజాన్ తలెత్తి చూసింది. ఆ ఊరి రన్‌వే మీద నిలబడితే దక్షిణాన తమ రెండు తలల మంచుకొండ కనిపిస్తుంది.

"మీ దగ్గరే కదూ?" అన్నాడు కదిరాలి గొంతు తగ్గించి. "ఏం తేను?"

"ఏమీ వద్దు." సూది గుచ్చుతూ, "అమ్మ మా వూరి పుల్లనీళ్ల ఊట గురించి కలవరిస్తుంటుంది. రాతిలోంచి బుడగలు బుడగలుగా వస్తాయి. అవి తాగితే ఆయాసం తగ్గుతుందంటుంది. అంతే. ఊరికే చెప్పాను," అంది.

పది రోజులకు కదిరాలి సీసా పట్టుకుని నేరుగా వాళ్ల మట్టి గదికి వచ్చాడు. "అమ్మా, మీ లోయ దాకా వెళ్లాను. ఊటలోంచి నా చేత్తో పట్టాను," అని ఆమె చేతిలో పెట్టాడు.

గోషయాఖ్ రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకుంది.

"బడ్డీకొట్లో కొన్నావు కదూ నాయనా?"

కదిరాలి చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఊటలో ఇనుము వాసనొస్తుంది. ఇందులో లేదు. అయినా ఇది దాని చెల్లెలే, మొహం తెలుస్తోంది. కూర్చో. అబద్ధమాడి ఆకలేసి ఉంటుంది," అని కూతురి వైపు తిరిగి, "చూస్తావేంటే? ఖిచిన్లు వేడిగా కాల్చు," అంది. ఆలూ, జున్ను కూరిన ఆ పల్చటి రొట్టెలు కదిరాలి తలవంచుకునే ఐదు తిన్నాడు. ఆరోది వడ్డిస్తుంటే తౌజాన్‌కు నవ్వాగలేదు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ గదిలో వినబడిన నవ్వది.

తర్వాతి ఏడు శరత్కాలంలో, షెడ్డు వెనక, అతను పెళ్లి మాటెత్తాడు.

"మిమ్మల్ని విమానం ఎక్కనిస్తారా ఆ తర్వాత?" అని అడిగింది. ముద్ర పడిన జాతి పిల్లను చేసుకున్నవాణ్ణి దూరప్రయాణాలకు పంపరని అందరికీ తెలుసు.

"నేలమీద పని చేసుకుంటాను. నేలేం పాపం చేసింది?"

"ఒకరు చాలరూ, ఇద్దరం నేలకు అతుక్కుపోవాలా? నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ అడగొద్దు."

ఆ సాయంత్రం గ్లాఫిరా ఆమె కళ్లు చూసి, "వార్నిష్ ఘాటు ఎక్కువైందా తాన్యా?" అంది. "అవును," అంది తౌజాన్. గ్లాఫిరా తన వాటా పాలు కూడా ఆమె సంచిలో పెట్టేసింది.

1955 చలికాలంలో గోషయాఖ్ పోయింది. ఆ తర్వాత రెండేళ్లకు వెళ్లిపోవచ్చని కబురొచ్చింది. బల్కార్లు ఉన్నదంతా అమ్ముకుని, రైళ్లు నింపుకుని, పాటలు పాడుకుంటూ వెళ్లారు. తౌజాన్ కూడా మేనమామ కుటుంబంతో రైలెక్కింది. కదిరాలి అప్పుడు ఆకాశంలో ఎక్కడో ఉన్నాడు. ఒక చీటీ రాసి గ్లాఫిరా చేతిలో పెట్టింది. "వెళ్తున్నాను. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది ఇదే కదా."

లోయలో వాళ్ల ఇంటికి గోడలున్నాయి, కప్పు లేదు. దూలాలు ఎవరో పొయ్యిలో పెట్టుకున్నారు. మేనమామతో కలిసి రాళ్లు మోసింది, బురద తొక్కింది. కడుపునిండా ఆ గాలి పీల్చింది. పదమూడేళ్లు కోరుకున్నది చేతికందాక కూడా, మధ్యాహ్నం పూట ఎక్కడో విమానం మోత వినబడితే ఆమె చేతిలోని రాయి అలాగే ఆగిపోయేది. "మెడ పట్టేసిందేంటే?" అనేవాడు మేనమామ.

గుడ్డ కుట్టేవాళ్లు కావాలంటే ఆమె మినరాల్నీయె వోదీ విమానాశ్రయంలో చేరింది. వారమంతా అక్కడ అద్దెగది, సెలవు రోజు లోయ.

జూన్ నెలలో సోచీ బండి దిగింది. ఇప్పుడది కొత్త ఇల్-14. మెట్ల మీంచి ముందుగా దిగినవాడికి చెవులు బయటికొచ్చి ఉన్నాయి. రన్‌వే పక్కన నిలబడ్డ మనిషిని చూసి, చివరి మెట్టు మరిచిపోయి తూలాడు.

"చీటీలో చిరునామా రాయకపోతే ఎట్లా?" అన్నాడు. అదే అతని మొదటి మాట.

"ఎలాగూ ఇక్కడ దిగుతారుగా!"

పెట్రోలు పట్టించుకుని మళ్లీ లేవడానికి నలభై నిమిషాలు. అందులో అతను నూనె చూసుకోవాలి, చక్రాలు చూసుకోవాలి, కాగితాల మీద సంతకాలు పెట్టాలి. అందుకని ఆమె అతని వెనకే విమానం చుట్టూ తిరుగుతూ మాట్లాడేది. ఎడమ ఇంజన్ దగ్గర మొదలైన కబురు తోక దగ్గర పూర్తయ్యేది. సమయం చాలక మాటలు పేరుకుపోతుంటే, పైలట్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇదిగో బావగారూ, ఇంజన్ వేడెక్కిందా, ఇంకా మీ మాటలే వేడెక్కుతున్నాయా?" అని వేళాకోళమాడేవాడు. కదిరాలి తోటివాళ్లందరితో వంతులు మార్చుకుని సోచీ బండే కోరి తెచ్చుకునేవాడు. వేసవిలో నెలకు మూడుసార్లు, చలికాలంలో ఒక్కసారి. మధ్యలో రోజులన్నీ ఆమె ఎలా గడిపిందో ఆమెకే తెలియాలి.

ప్రతి వేసవీ అతను అడిగేవాడు. "ఇప్పుడు నీకు ముద్ర లేదు, నాకు భయం లేదు. నాన్నను వదిలి నేను రాలేను. నువ్వొచ్చెయ్."

"వచ్చే ఏడు."

"ఏమయింది ఈ ఏడుకి?"

మూడో వేసవిలో, రెక్క నీడన నిలబడి, ఆమె అసలు మాట చెప్పింది. "రైలెక్కాలంటే భయం కదిరాలీ. ఒకసారి ఇక్కణ్ణించి కదిలితే మళ్లీ రానిస్తారని ఏంటి నమ్మకం? నువ్వు నమ్మగలవు. నిన్నెవరూ పెట్టెలో వేసి తీసుకుపోలేదు."

బయల్దేరే గంట కొట్టారు.

1960 సెప్టెంబరులో అతను దిగిన తీరే వేరుగా ఉంది. నూనె చూడలేదు, చక్రాలు చూడలేదు.

"వచ్చే ఏడు నుంచి ఈ దారికి ఇల్-18 వేస్తున్నారు. నాలుగింజన్లు. నన్ను శిక్షణకు రమ్మన్నారు."

"మంచిదే కదా! అందరూ దానికోసమే కొట్టుకుంటున్నారుగా. ఎంతసేపు ఆగుతుందది ఇక్కడ?"

"ఆగదు. దానికి మధ్యలో పెట్రోలు అక్కర్లేదు."

తౌజాన్ చుక్కాని మీద చెయ్యివేసి నిలబడింది. బట్ట ఎండకు వెచ్చగా ఉంది.

"రానని చెప్పేస్తాను," అన్నాడు.

"చెప్పావంటే నీ మొహం చూడను. వెళ్లు."

మరుసటి వేసవి ఆమె పైకి చూస్తుండేది. నీలంలో ఎక్కడో వెలుగుముక్క ఒకటి, చీమంత, తూర్పునుంచి పడమరకు జారిపోయేది. మోత వచ్చేసరికి అది కొండ దాటిపోయేది. ఉత్తరాలు పదకొండు రోజులకు చేరేవి. అతను వాటిలో రాసేవి ఇంజన్ల సంగతులే. చివర ఒక్క వరుస: "మంగళవారం పది ఇరవైకి నీ మీదుగా వెళ్లాను. మబ్బు." ఒక ఏడాది మొత్తం మబ్బులే.

1962 ఆగస్టులో తౌజాన్ టిక్కెట్టు కౌంటరు దగ్గర నిలబడింది. పద్నాలుగేళ్లుగా విమానాలు కుట్టింది, ఒక్కసారీ ఎక్కలేదు.

"ఫ్రూంజేకి. పోనూ రానూ."

టిక్కెట్టు తీసుకుని, "ఈ రెండో ముక్కతో తప్పకుండా రానిస్తారా?" అని అడిగింది.

"రానివ్వక ఏం చేస్తారమ్మా?" అంది కౌంటరులోని అమ్మాయి. ఆమె మళ్లీ అడిగింది. మూడోసారి అడిగేసరికి అమ్మాయి మొహంలో విసుగు పోయింది. "రండి అక్కా, తప్పకుండా రండి. నేనే ఉంటాను ఇక్కడ," అంది మెల్లగా.

రెండు చోట్ల ఆగి, ఒక రాత్రి తాష్కెంట్ బెంచీ మీద కునికి, ఫ్రూంజేలో దిగింది. కదిరాలి సోచీ వెళ్లాడు, రేపు గానీ రాడు. ఎదురొచ్చింది గ్లాఫిరా. జుట్టు నెరిసింది, నోరు నెరవలేదు. "తాన్యా! ఇంకా మొహం సోమవారమే! కనీసం శుక్రవారం దాకా వచ్చావనుకున్నానే!" అని వాటేసుకుని ఏడ్చేసింది. ఇద్దరూ కలిసి గోషయాఖ్ సమాధికి వెళ్లారు. ఏడేళ్ల సమాధి మీద ముళ్లకంప ఉంటుందని తౌజాన్ కత్తి తెచ్చుకుంది. ఒక్క మొక్క లేదు. చుట్టూ రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి.

"నన్ను చూడకు," అంది గ్లాఫిరా. "నాకు నడుంనొప్పి, వంగలేను. ఇదంతా ఆ చెవులవాడి పని."

మర్నాడు కదిరాలి దిగేసరికి తౌజాన్ మెట్ల దగ్గర ఉంది. నాలుగింజన్ల మోత ఇంకా ఆగలేదు. ఆమె ఏదో అంది, వినబడలేదు. అతను చెయ్యి పట్టుకుని షెడ్డు గోడ దాకా లాక్కెళ్లాడు.

"ఏమన్నావు?"

"ఎన్ని నిమిషాలుందని అడిగాను."

"ఈ పూటకి డ్యూటీ అయిపోయింది," అన్నాడు. ఆ మాటకు ఇద్దరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఇన్నేళ్లలో గడియారం చూడకుండా ఎదురెదురుగా నిలబడటం వాళ్లకు అలవాటే లేదు.

ఆమె రెండో ముక్కతో వెనక్కి వెళ్లింది. వెళ్లగలనని తనకు తానే చూపించుకోవాలనిపించింది. ఎవరూ అడ్డుకోలేదు. నెలరోజులు లోయలో ఉండి, మేనమామ ఇంటికి సున్నం వేసి, అక్టోబరులో మళ్లీ విమానమెక్కింది. ఆ వారమే పెళ్లి.

పెద్ద విమానాలకు బట్ట అక్కర్లేకపోయినా, కొండ ఊళ్లకు తిరిగే చిన్న ఆన్-2లకు రెక్కలే బట్ట. వాటిని కుడుతూ ఇరవయ్యేళ్లు పనిచేసింది. ప్రతి ఆగస్టూ మొగుడూ పెళ్లాలు లోయకు వెళ్లేవారు. ఫ్రూంజేలో పదకొండు నెలలూ "మా దగ్గర గాలి ఇట్లా కాదు" అని సణిగే మనిషి, అక్కడికెళ్లిన పదో రోజుకే మూట సర్దడం మొదలుపెట్టేది.

"మొన్నేగా వచ్చాం!" అనేవాడు కదిరాలి.

"అక్కడ టమాటాలు కుళ్లిపోతుంటాయి," అనేది.

అంత తొందరపెట్టి బస్సెక్కించి, తీరా బస్సు కదిలాక, మలుపు దాటి కొండ కనుమరుగయ్యేదాకా వెనక్కే చూస్తూ కూర్చునేది. ఫ్రూంజే చేరాక రెండు రోజులు మెడ నొప్పి. కదిరాలి గొర్రెకొవ్వు వేడిచేసి మెడకు రాసేవాడు.